కాలు తీసేసిన కుక్కను ఇంట్లో చూసుకోవడం

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: ఎనిమిదేళ్ల మగ లాబ్రడార్, ముందు కుడికాలికి మణికట్టు పైన ఎముక క్యాన్సర్. భుజం ఎముకతో సహా కాలు మొత్తం తీసేశారు. ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారు. ఇల్లంతా నున్నటి టైల్స్, బయటికి వెళ్లాలంటే మూడు మెట్లు దిగాలి. వాడు నడవగలడా, కుట్లు ఎలా చూసుకోవాలి, రాత్రుళ్లు ఏడిస్తే ఏం చేయాలి, అసలు కాలు తీయించి వాడికి అన్యాయం చేశామా అని అడిగారు. జంతువులకు ఆపరేషన్లు చేసే డాక్టర్‌ని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మీకు అది తేలకపోతే మిగతా పనులు కుదురుగా సాగవు. ఎముక క్యాన్సర్ ఎముకను లోపల్నుంచి తినేస్తుంది. ఆ నొప్పి మాత్రలతో కొంత తగ్గుతుంది తప్ప పోదు, ఒక దశలో చిన్న గెంతుకే ఎముక విరిగిపోతుంది. మీవాడు ఆపరేషన్‌కు ముందే ఆ కాలు నేల మీద సరిగా ఆనించడం మానేసి ఉంటాడు. అంటే మూడు కాళ్ల మీద నడవడం అప్పటికే మొదలుపెట్టాడు, కాకపోతే నాలుగో కాలు నొప్పిని మోసుకుంటూ. ఇప్పుడు ఆ నొప్పి మూలం లేదు. ‘నాకు కాలు లేదే, నలుగురూ ఏమనుకుంటారు’ అనే బాధ కుక్కలకు ఉండదు, అది మన బాధ. చాలా కుక్కలు ఆపరేషన్ మర్నాటికే లేచి నాలుగు అడుగులు వేస్తాయి, నెల తిరిగేసరికి కొత్త నడకకు అలవాటు పడిపోతాయి. మీరు చేసింది అన్యాయం కాదు.

నా దృష్టిలో ఇంట్లో చేయాల్సిన పనంతా రెండే. మొదటి రెండు వారాలు నొప్పి, కుట్లు. ఆ తర్వాత జీవితాంతం మిగిలిన మూడు కాళ్లు. మనవాళ్లు ఎక్కువగా గాయం వైపే చూస్తూ ఉండిపోతారు, మిగిలిన కాళ్ల సంగతి ఆరు నెలల తర్వాత గుర్తొస్తుంది.

వాడు రాకముందే నేల సంగతి చూడండి. కుక్క నిలబడినప్పుడు శరీరం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. అందుకే ముందు కాలు పోయిన కుక్కకు వెనక కాలు పోయిన దానికంటే కాస్త కష్టం ఎక్కువ. వాడు ఇంటికొచ్చాక ఒకసారి ఎదురుగా కూర్చుని చూడండి: మిగిలిన ముందు కాలిని పక్కకు కాకుండా సరిగ్గా ఛాతీ మధ్యలోకి తెచ్చి ఆనిస్తాడు. అడుగేసేటప్పుడు తల పైకెత్తి, ఆ ఊపుతో ముందు కాలు గెంతించి, వెనక రెండు కాళ్లూ లాక్కొస్తాడు. ఆ ఒక్క కాలూ టైల్స్ మీద జారిందంటే ఆపుకోవడానికి పక్క కాలు లేదు, గడ్డం నేలకు కొట్టుకుంటుంది. ఒకసారి అలా పడ్డ కుక్క లేవడానికే భయపడుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ‘వీడికి నడవడం చేతకావడం లేదు’ అనుకుంటారు. చాలాసార్లు లోపం నేలది, కుక్కది కాదు.

కాబట్టి పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా మ్యాట్లు పరచండి. అడుగు పట్టు ఉన్న రబ్బరు మ్యాట్లు, యోగా మ్యాట్లు ఏవైనా సరే, కానీ మధ్యలో ఖాళీ వదలకండి. అక్కడొకటి ఇక్కడొకటి వేస్తే ఒక మ్యాట్ మీద నుంచి ఇంకోదానికి గెంతబోయి మధ్యలో జారతాడు. అంచులు లేవకుండా టేప్ వేయండి. గోళ్లు కత్తిరించండి. అరికాలి మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కూడా కత్తిరించాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. మెత్త నేలకు తగలకుండా ఆ వెంట్రుకల మీదే జారుతుంటుంది. సాక్సులు వద్దు, ఇంకా జారతాయి.

పడక మరీ మెత్తగా, కూరుకుపోయేలా ఉండకూడదు. గట్టి ఫోమ్ మంచిది, దాని మీద నుంచి లేవడం తేలిక. నీళ్ల గిన్నె, అన్నం గిన్నె ఛాతీ ఎత్తులో ఉంచండి. ఒంటి ముందు కాలి మీద తల కిందికి వంచి తినడం వాడికి చాలా శ్రమ. మెట్లకు, సోఫాకు దారి మూసేయండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే కుట్లు విప్పేదాకా వేరే గదిలో ఉంచండి, ప్రేమతో మీద పడినా కుట్లు ఊడతాయి.

ఆ మూడు మెట్లు మొదటి రెండు వారాలు వాడంతట వాడు దిగకూడదు. ఎక్కడం కంటే దిగడం ప్రమాదం, దిగేటప్పుడు ఒళ్లంతా ఆ ఒక్క ముందు కాలి మీద పడుతుంది. మీద చేతిపట్టీ ఉన్న హార్నెస్, అంటే ఒంటికి తొడిగే పట్టీల జాకెట్ లాంటిది, ఒకటి తెప్పించండి. కానీ దాని పట్టీ కుట్ల మీద ఆనకుండా ఉందో లేదో డిశ్చార్జ్ రోజే ఆస్పత్రిలో వేసి చూపించుకోండి. ఎత్తాల్సి వస్తే ఇద్దరు పట్టండి: ఒకరు ఛాతీ కింద, గాయానికి తగలకుండా, ఇంకొకరు పొట్ట, తొడల కింద. వాలు చెక్క వేయగలిగితే మెట్ల గొడవే ఉండదు.

ఇక రాత్రి ఏడుపు. మొదటి రెండు మూడు రాత్రులు చాలా ఇళ్లలో ఎవరికీ నిద్ర ఉండదు, ఇది ముందే తెలిసి ఉంటే టెన్షన్ కొంత తగ్గుతుంది. అన్ని ఏడుపులూ నొప్పివి కావు. ఓపియాయిడ్ జాతి బలమైన నొప్పి మందులు ఇచ్చిన కుక్కలు కొన్ని మందు ప్రభావంలో గంటల తరబడి ఒకే తీరుగా కుయ్ కుయ్ అంటాయి. పిలిస్తే పలకవు, చెయ్యి వేసినా మనల్ని గుర్తించనట్టు ఎటో చూస్తుంటాయి. నొప్పి అలా ఉండదు. నొప్పితో ఉన్న కుక్క అసలు అరవకపోవచ్చు కూడా. పడుకుంటుంది, నిమిషంలో లేస్తుంది, మళ్లీ ఇంకో వైపు పడుకోబోయి ఆగిపోతుంది. గది చల్లగా ఉన్నా నాలుక బయటపెట్టి వగరుస్తుంది. చెవులు వెనక్కి, కళ్లు పెద్దవిగా, ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. గాయం దగ్గరికి చెయ్యి తెస్తే మీ చేతి వైపే చూస్తుంది. ఈ రెండింట్లో ఏదైనా డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. మొదటిదానికి మందు మారుస్తారు, రెండోదానికి మందు పెంచుతారు లేదా ఇంకోటి కలుపుతారు. ఫోన్ చేసే ముందు ఒక వీడియో తీసి పంపండి, మీరు మాటల్లో పది నిమిషాలు చెప్పేది అందులో అర నిమిషంలో తెలుస్తుంది.

నొప్పి మందులు టైం ప్రకారం ఇవ్వండి. ‘బాగానే ఉన్నాడు కదా, ఈ పూట మానేద్దాం’ అనేది మంచి ఆలోచన కాదు. బాగున్నది మందు వల్లే. నొప్పి మొదలయ్యాక తగ్గించడం కంటే మొదలవకుండా ఆపడం తేలిక. మామూలుగా కార్ప్రోఫెన్ లేదా మెలోక్సికామ్ లాంటి వాపు తగ్గించే మందు ఒకటి, నరాల నొప్పికి గాబాపెంటిన్ ఒకటి రాస్తారు. మొదటిది తిండి పెట్టాకే ఇవ్వాలి. వాంతులు, నల్లటి విరేచనం, తిండి మానేయడం కనిపిస్తే ఆ మందు ఆపి ఫోన్ చేయండి. దాంతోపాటు స్టెరాయిడ్ ఏదీ కలవకూడదు, కాబట్టి ఇంతకుముందు వేరే డాక్టర్ చర్మానికో, అలర్జీకో రాసిన మాత్రలు ఉంటే ఇప్పుడే చెప్పేయండి. గాబాపెంటిన్ వల్ల మత్తుగా, తూలుతూ ఉంటాడు. నాలుగు కాళ్ల కుక్క తూలితే ఫర్వాలేదు, మీవాడికి ఆ మత్తు ఉన్నంతసేపు పక్కన మనిషి ఉండాలి. దాన్ని ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మనుషుల కోసం వచ్చే గాబాపెంటిన్ సిరప్ కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అది కుక్కలకు విషం. మాత్రకు బదులు సిరప్ వాడుకోవచ్చని మందుల షాపులో చెప్తే డాక్టర్‌ని అడక్కుండా తీసుకోకండి.

మన ఇంట్లో మందుల డబ్బాలో ఉండే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా వేయొద్దు. కిడ్నీలు, కాలేయం, పొట్ట దెబ్బతింటాయి. అర్ధరాత్రి కుక్క ఏడుస్తుంటే చూడలేక జాలితో ఇచ్చిన సగం మాత్రే ఆపరేషన్ కంటే పెద్ద సమస్య తెచ్చిపెడుతుంది.

గాయం చూసి మీరు భయపడతారు, అందుకే ముందే చెప్తున్నా. వెంట్రుకలు చాలా మేర గొరిగేసి ఉంటాయి, కుట్లు మీరనుకున్నదానికంటే పొడుగ్గా ఉంటాయి. రెండో రోజుకో మూడో రోజుకో చుట్టూ ఊదా రంగు కమిలిన మచ్చలు వస్తాయి, అవి పొట్ట కిందికి దిగి పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారి పోతాయి. ఆ తర్వాత కొన్ని రోజులకు కుట్ల కింది చివర నీళ్లు పోసిన బెలూన్‌లా మెత్తటి ఉబ్బు రావచ్చు. దాన్ని సెరోమా అంటారు. కండ తీసేసిన ఖాళీలో ఒంట్లోని ద్రవం చేరడం వల్ల వస్తుంది, నొప్పి ఉండదు, ఎక్కువగా దానంతట అదే ఇంకిపోతుంది. సూదితో గుచ్చి తీయబోకండి, లోపలికి క్రిములు పోయేది అప్పుడే. వాడు ఎక్కువ తిరిగితే అది పెరుగుతుంది, కాబట్టి ఆ ఉబ్బు ‘నన్ను ఇంకా కాసేపు పడుకోబెట్టండి’ అని చెప్తోందనుకోండి.

అదే ఉబ్బు గట్టిగా, వేడిగా, ముట్టుకుంటే మూలిగేలా ఉన్నా, కుట్ల నుంచి చీము కారినా, వాసన వచ్చినా, అంచులు విడిపోయినా వెంటనే చూపించాలి. రోజూ ఒకే టైంకి, ఒకే దూరం నుంచి ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫోటోల్లో తెలుస్తుంది. గాయానికి స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పొడులు, నూనెలు, ఎవరో చెప్పిన ఇంటి చిట్కాలు ఏవీ వద్దు. పొడిగా, శుభ్రంగా ఉంచడమే మందు. మామూలుగా 10 నుంచి 14 రోజుల మధ్య కుట్లు విప్పుతారు, అప్పటిదాకా స్నానం లేదు.

గాయం నాక్కోకుండా మెడకు వేసే గరాటు లాంటి కోన్ కూడా అప్పటిదాకా ఉండాల్సిందే. ‘పాపం, కోన్‌తో గోడలకు గుద్దుకుంటున్నాడు’ అని తీసేసి నిద్రపోతారు. తెల్లారేసరికి నాలుగు కుట్లు ఊడి ఉంటాయి. అన్నం తినేటప్పుడు తీయండి, మీరు ఎదురుగా ఉన్నంతసేపే. ముందు కాలు తీసిన కుక్కకు లూజు కాటన్ టీషర్ట్ వేసి గాయం కప్పొచ్చు, కానీ అది కోన్‌కు బదులు కాదు.

తిండి మొదటి రోజు సగం తిన్నా సరిపెట్టుకోండి. ఒక రోజు దాటి ఏమీ ముట్టకపోతే ఫోన్ చేయండి. మోషన్ మూడు నాలుగు రోజులు రాకపోవడం మామూలే: ముందు ఖాళీ కడుపు, ఆపరేషన్, పైగా ఓపియాయిడ్ మందులు పేగులను నెమ్మదింపజేస్తాయి. మూత్రం మాత్రం ఒక పూర్తి రోజు ఆగిపోతే వెంటనే ఫోన్ చేయాలి. మగ కుక్కలు మొదట్లో కాలెత్తబోయి పడిపోయి, సిగ్గుపడ్డట్టు నిలబడిపోతాయి. మీవాడికి వెనక కాళ్లు రెండూ ఉన్నాయి కాబట్టి కొన్ని రోజుల్లో సర్దుకుంటాడు, ఈలోపు హార్నెస్ పట్టుకుని నిలబడండి చాలు.

ఇదే వెనక కాలు తీసిన కుక్క అయితే పొట్ట కింద, తొడకు ముందుగా పొడుగాటి తువ్వాలు చుట్టి పైకి పట్టుకోవాలి. మగదైతే తువ్వాలు మరీ వెనక్కి జరిగి మూత్రానికి అడ్డం పడకుండా చూసుకోవాలి.

పట్టుకోవడం గురించి ఒక మాట. అతిగా పట్టుకోకండి. నేను ఎక్కువగా చూసే ఇబ్బంది మనుషులు సాయం చేయకపోవడం కాదు, ఎక్కువ చేయడం. మీరు ప్రతిసారీ ఎత్తి నిలబెడితే వాడి ఒంటికి కొత్త బ్యాలెన్స్ నేర్చుకునే అవకాశమే రాదు. పట్టీ చేతిలో ఉంచుకోండి, లాగకండి. వాడు లేవబోతే లేవనివ్వండి, తూలితేనే బిగించండి. మూడు కాళ్ల మీద నెమ్మదిగా నడవడం కంటే కాస్త వేగంగా గెంతుతూ పోవడం తేలిక, అందుకే మొదట్లో హడావుడిగా పరిగెత్తబోతాడు. లీష్ పొట్టిగా పట్టుకుని మీ అడుగుకు తెచ్చుకోండి.

కుట్లు విప్పేదాకా బయటికి తీసుకెళ్లడం మూత్రానికీ మోషన్‌కే, అదీ లీష్ మీదే. కుట్లు విప్పాక డాక్టర్ సరే అంటే ఐదు నిమిషాల నడక, రోజుకు మూడు నాలుగు సార్లు. వారం వారం కాస్త పెంచండి. ఒకేసారి అరగంట నడక కంటే ఐదారు చిన్న నడకలు మంచివి. దారిలో కూర్చుంటే కూర్చోనివ్వండి, లాగొద్దు. ఎండలో మూడు కాళ్ల కుక్క మామూలు కుక్క కంటే తొందరగా అలిసిపోతుంది. వారమంతా ఇంట్లో ఉంచి సెలవు రోజున గంటసేపు బంతి ఆడించడం మిగిలిన కాళ్లకు అన్నిటికంటే చెడ్డ పని.

బలం రావడానికి ఇంట్లోనే కొన్ని చేయించొచ్చు. వాడు మ్యాట్ మీద నిలబడి ఉండగా చిన్న తిండి ముక్క ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా భుజం వైపు, తర్వాత తుంటి వైపు తీసుకెళ్లండి. పాదాలు కదపకుండా మెడ తిప్పి అందుకోవాలి. అలా చేసేటప్పుడు పొట్ట కండరాలు, వీపు కండరాలు పనిచేస్తాయి, మూడు కాళ్ల కుక్కను నిలబెట్టేవి అవే. గాయం పూర్తిగా మానాక నీళ్లలో నడిపించే థెరపీ మీకు అందుబాటులో ఉంటే చాలా మంచిది.

కొన్ని వారాల తర్వాత కూడా ఉన్నట్టుండి కెవ్వుమని అరిచి, కాలు తీసిన చోటు వైపు తిరిగి చూడటం, అక్కడి కండ అదరడం కనిపించొచ్చు. దీన్ని లేని కాలి నొప్పి అంటారు, తెగిన నరం పంపే తప్పుడు కబురు. మీకు కనిపించే కారణం లేదని కొట్టిపారేయకండి. గాబాపెంటిన్‌తోగానీ అమాంటడీన్‌తోగానీ చాలావాటికి తగ్గుతుంది. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది రాసుకుంటే డాక్టర్‌కి పని తేలికవుతుంది.

బరువు మాట చెప్తే లాబ్రడార్ యజమానులందరికీ కోపం వస్తుంది, అయినా చెప్పాలి. నాలుగు కాళ్లు మోసిన బరువు ఇప్పుడు మూడు మోస్తున్నాయి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే ఎముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. అలా లేకపోతే తగ్గించండి. కదలిక తగ్గింది కాబట్టి పాత కొలత తిండి ఇప్పుడు ఎక్కువే. జాలితో పెట్టే చిరుతిళ్లు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. పైన చెప్పిన వ్యాయామానికి వాడే ముక్కలు కూడా ఆ లెక్కలోవే. వాడి ముందు కాలి మణికట్టును కాపాడేది ఏ మాత్ర కంటే ముందు ఈ గిన్నే.

సోఫా మీద నుంచి, కారులోంచి దూకడం శాశ్వతంగా మాన్పించండి. కృత్రిమ కాలు గురించి అందరూ అడుగుతారు: భుజంతో సహా తీసినచోట బిగించడానికి మొండెమే తప్ప మిగులు కాలు లేదు, కాబట్టి సాధారణంగా కుదరదు, అవసరమూ రాదు. ఒక చిన్న విషయం వెనక కాలు పోయిన కుక్కల వాళ్లకు: ఆ వైపు చెవి దురద పెడితే తుంటి దగ్గర కండ ఊరికే టకటకా కొట్టుకుంటుంది, లేని కాలితో గోక్కోబోతుంది. ఆ చెవి మీరు గోకాలి, వారానికోసారి శుభ్రంగా ఉందో లేదో చూడాలి.

కాలు తీయడంతో క్యాన్సర్ చికిత్స అయిపోలేదు. ఈ జబ్బు చాలావరకు అప్పటికే కంటికి కనిపించనంతగా ఊపిరితిత్తుల్లోకి చేరి ఉంటుంది. ఆపరేషన్ ఒక్కటే చేయిస్తే సగటున నాలుగైదు నెలలు, కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు) కూడా ఇప్పిస్తే పది పన్నెండు నెలలు బతుకుతాయని చెప్తారు. సగం కుక్కలు అంతకంటే ఎక్కువే ఉంటాయి. కుట్లు విప్పే సమయానికే కీమో మొదలుపెడతారు కాబట్టి ఇంటికి తెచ్చుకునే రోజే ఆ విషయం మాట్లాడుకోండి. కుక్కలు కీమోను మనుషుల కంటే బాగా తట్టుకుంటాయి. ఇప్పించినా ఇప్పించకపోయినా అది మీ ఇంటి నిర్ణయం, ఏదైనా తప్పు కాదు. ఇప్పిస్తే డాక్టర్ చెప్పినన్ని రోజులు మూత్రం, మోషన్ గ్లవ్స్ వేసుకుని తీయండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ పనికి దూరంగా ఉండాలి. రెండు మూడు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు.

చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, గాయం చుట్టూ గంటల్లోనే వాపు పెరగడం, రక్తం ఆగకుండా కారడం, ఊపిరి కష్టంగా తీసుకోవడం, జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. అలాగే బాగా తిరుగుతున్న మూడు కాళ్ల కుక్క ఉన్నట్టుండి ఇంకో కాలు కుంటితే ‘బెణికిందేమో, రెండు రోజులు చూద్దాం’ అనుకోవద్దు. కీలు జారిందా, లిగమెంట్ తెగిందా, క్యాన్సర్ ఇంకో ఎముకకు వచ్చిందా అన్నది అదే రోజు డాక్టర్‌కి చూపించి, ఎక్స్‌రే తీయించి తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ కాలికి విశ్రాంతి ఇవ్వడానికి వాడి దగ్గర ఇంకో కాలు లేదు.